ఆగ్నేయం మూల జనరేటరు

మా లాడ్జిలో పట్టపగలు ఎవరైనా లైటు వేస్తే నాకు ఒళ్ళు మండేది. పిసినారిదని అనుకునేవాళ్ళు అనుకున్నారు, నేను పట్టించుకోలేదు. ఆ లాడ్జి పునాది తవ్వకముందు నుంచీ నేను పోట్లాడిందంతా ఆ ఒక్క విషయం మీదే మరి.

అమలాపురంలో బస్టాండు నుంచి నడిచి వచ్చేంత దూరంలో మా మామగారు కొడుకులిద్దరికీ కలిపి వదిలి వెళ్ళిన ఖాళీ స్థలం ఒకటి ఉండేది. తొంభైల మొదట్లో అందులో లాడ్జి కడదామని మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, తేల్చేశారు. మా ఆయన సరేనన్నారు. అన్నగారు ఏదన్నా అంటే మా ఆయన సరేననని రోజు నాకు గుర్తు లేదు. ఇంజనీరు ప్లాను గీసుకొచ్చి బల్ల మీద పరిచాడు. మధ్యలో పొడుగాటి చీకటి నడవ, దానికి అటూ ఇటూ గదులు, గదికో కిటికీ. అగ్గిపెట్టెలో పుల్లలు పేర్చినట్టుంది.

"ఈ నడవలో పగలు ఎలా నడుస్తారండీ?" అని అడిగాను.

"ట్యూబులైట్లు ఉంటాయి కదమ్మా."

"కరెంటు పోతేనో?"

అతను బావగారి వైపు చూశాడు. బావగారు మా ఆయన వైపు చూశారు. మా ఆయన గోడ మీది గడియారం వైపు చూశారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు నోరు విప్పడమే తప్పయితే, ప్లాను గురించి విప్పడం ఇంకో తప్పు. అయినా నా నోరు ఊరుకుంటేగా!

నేను రాజోలు దగ్గర మండువా ఇంట్లో పుట్టి పెరిగాను. ఇంటి నడిమధ్యన ఆకాశానికి తెరిచి ఉండే చోటు, దాని చుట్టూ వసారాలు, వాటి వెనక గదులు. వానొస్తే నాలుగు వైపుల పెంకుల మీది నీళ్ళూ ఇంటి మధ్యలోనే పడేవి. ఎండాకాలం లోపలి వేడంతా అందులోంచి పైకి పోయేది. వంటింట్లో మా అమ్మ మిట్టమధ్యాహ్నం కూడా దీపం లేకుండా బియ్యంలో రాళ్ళేరుకునేది. ఆ రాత్రి పాత క్యాలెండరు కాగితం వెనక నేనే ఒక బొమ్మ గీశాను. మూడంతస్తులు, మధ్యలో మండువా, చుట్టూ వసారాలు, ప్రతి గదికీ బయటి వైపొక కిటికీ, మండువా వైపొక కిటికీ. దక్షిణం వైపు కింద గోడ లేకుండా వెడల్పాటి దారి. మాకు దక్షిణాన అల్లవరం, అది దాటితే సముద్రం. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక అటునుంచి పైరగాలి వస్తుంది. ఆ గాలి ఆ దారిన లోపలికొచ్చి, గదులన్నీ తిరిగి, మండువాలోంచి పైకి పోవాలని నా ఆశ.

"లాడ్జికి మండువా ఏమిటమ్మాయ్? మనం కడుతున్నది మీ పుట్టిల్లు కాదు," అన్నారు బావగారు.

అప్పుడు నన్ను ఆదుకున్నది మా తోడికోడలు. బావగారి భార్య. నేను ఆవిడని అక్కా అనేదాన్ని, సొంత అక్క ఉన్నా ఇంత ప్రేమగా పిలిచేదాన్నో లేదో. "కట్టనివ్వండీ పాపం. రేపు దిగినవాళ్ళు వాన చూసుకుంటూ ఇంకో రోజు ఉంటారు," అని ఆవిడ పకపకా నవ్వింది. బావగారు కూడా నవ్వేశారు. మండువాకి అలా ఒప్పుకున్నారు.

అక్క పద్ధతి ఒకటి ఇక్కడే చెప్పాలి. బావగారు ఒక మాట బయటికి అనకముందు ఆవిడ ఎంతైనా చెప్పేది, నవ్వించేది, బతిమాలేది. ఆయన నలుగురిలో ఒకసారి ఇది ఇంతే అన్నాక మాత్రం ఇక ఆవిడ నోట ఎదురుమాట రాదు. చచ్చినా రాదు. "మొగుడి మాట నలుగురిలో పడిపోతే ఇంటి మర్యాద ఏం మిగులుతుంది చెల్లీ?" అనేది. నేను వాదించేదాన్ని. ఆవిడ నా నోట్లో ఇంత బెల్లం ముక్క పెట్టి వెళ్ళిపోయేది.

లాడ్జి బాగా నడిచింది. డాబా మీద ఏటా ఎండాకాలం ముందు తెల్లగా సున్నం కొట్టించేదాన్ని. నల్లరంగు వేసిన గొట్టాల్లో ఎండకి నీళ్ళు కాగేవి, స్నానాలకి అవే. దుప్పట్లు డాబా మీద ఆరేసి, మడతపెట్టి, పరుపుల కింద పెడితే ఇస్త్రీ అక్కర్లేకపోయేది. ఖాళీ గదిలో ఫ్యాను తిరిగితే మెట్లెక్కి వెళ్ళి మరీ కట్టేసేదాన్ని. అక్క నాకు "కరెంటమ్మ" అని పేరు పెట్టింది. వంటవాళ్ళు, గదులు తుడిచేవాళ్ళు, ఆఖరికి మామూలుగా దిగే కొబ్బరి వ్యాపారులు కూడా "కరెంటమ్మగారు వస్తన్నారండోయ్" అని ఒకళ్ళనొకళ్ళు హెచ్చరించుకునేవారు. నాకు కోపం వచ్చినట్టు ముఖం పెట్టేదాన్ని కానీ లోపల గర్వంగానే ఉండేది. కింది వసారాలో కూర్చుని అక్క నవ్విందంటే మూడో అంతస్తు దాకా వినపడేది.

ఆ తరవాత ఒక ఏడు దీపావళి ముందు తుఫాను వచ్చింది. కోనసీమలో ఆ తుఫాను చూసినవాళ్ళకి నేను చెప్పాల్సింది ఏమీ లేదు. చూడనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. కరెంటు స్తంభాలన్నీ నేలకూలి, వారాల తరబడి ఊరంతా చీకటైపోయింది. మా లాడ్జిలో మాత్రం పగలు వెలుతురు ఉంది, గాలి ఉంది. సహాయం పనుల మీద వచ్చిన ఆఫీసర్లు వేరే చోట్ల ఉక్కపోతకి తట్టుకోలేక మా దగ్గరికి మారారు. "ఎవరండీ ఈ ప్లాను గీసింది?" అని ఒకాయన అడిగితే బావగారు నన్ను చూపించారు. ఆ రోజు ఆయన ముఖంలో చిన్న మెరుపు చూశాను. తరవాత చాలాకాలం అలాంటిది చూడలేదు.

ఎందుకంటే ఆయన తోట పోయింది. అల్లవరం దారిలో తాతల నాటి కొబ్బరితోట. చెట్లన్నీ ఒకే వైపుకి పడి ఉన్నాయట. ఆయన వెళ్ళి పడిపోయిన మాను మీద కూర్చుని ఇంటికి రాలేదు. అక్క వెళ్ళి తీసుకొచ్చింది. తిరిగొచ్చాక ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. ఆయన కొన్నాళ్ళు అన్నం సరిగ్గా తినలేదు. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఈలోగా నలుగురిలో తలెత్తుకుని తిరగడానికి ఆయనకి మిగిలింది లాడ్జి ఒక్కటే. అంతవరకూ పట్టని వాస్తు అప్పుడు పట్టుకుంది ఆయన్ని. మా కోనసీమ గన్నవరం నుంచి ఒక సిద్ధాంతిగారు వచ్చి వెళుతుండేవారు. గేటు మార్చారు, మెట్ల దిక్కు మార్చారు. అందులో ఆయనకి కాస్త ధైర్యం దొరుకుతుంటే పోనీలే అనుకున్నాం.

కొత్త శతాబ్దం వచ్చింది, దాంతోపాటు ఏసీలు వచ్చాయి. గ్యాసు బావుల పనుల మీద బయటి ఊళ్ళవాళ్ళు వచ్చి నెలల తరబడి ఉండిపోయేవారు, వాళ్ళు అడిగే మొదటి మాట ఏసీ ఉందా అని. మా ఎదురుగా కొత్త లాడ్జి లేచింది, దాని బోర్డు మీద పేరుకన్నా ఏసీ అన్న అక్షరాలే పెద్దవి. అయినా మాకు పెళ్ళిళ్ళ విడుదులు ఉండేవి. ఆడపెళ్ళివారు మగపెళ్ళివారిని దించడానికి మా లాడ్జే మాట్లాడుకునేవారు. అక్క కాఫీ, అక్క పెట్టే పెసరట్టు ఉప్మా అంత పేరు.

ఒక వైశాఖంలో కొత్తపేట వైపు రైతు ఒకాయన తన కూతురి పెళ్ళికి విడిది ఇక్కడే ఏర్పాటు చేశారు. మగపెళ్ళివారు బస్సు దిగారు. వాళ్ళలో పెద్దాయన గదిలోకి వెళ్ళి, గోడలు నాలుగూ చూసి బయటికొచ్చారు.

"ఏసీ లేదాండీ?"

"గాలి బాగా వస్తుందండీ," అన్నాను నేను. నిజంగానే అప్పుడు కిటికీ తెరలు ఎగురుతున్నాయి.

"గాలి మా ఇంట్లోనూ వస్తుందండీ," అన్నారాయన.

సామాన్లు దించకుండానే ఎదురు లాడ్జికి వెళ్ళిపోయారు. ఆడపిల్ల తండ్రి భుజం మీది కండువా తీసి చేతిలో నలుపుకుంటూ వాళ్ళ వెనకే పరిగెత్తారు. బావగారు గేటు దగ్గర నిలబడి అదంతా చూశారు. మా వైపు మర్యాద అంటే తెలుసు కదా. వచ్చినవాడు చాలు బాబోయ్ అని విస్తరికి చేతులు అడ్డం పెట్టేదాకా వడ్డించాలి. అతిథి దగ్గర తక్కువ అనే మాట పలకకూడదు. తక్కువ కరెంటుతో చల్లగా ఉంచుతామండీ అని నేను చెప్పడం వాళ్ళకి తక్కువ అన్నంతో కడుపు నింపుతామండీ అన్నట్టు వినిపించింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే బావగారు అందరినీ కూర్చోబెట్టి ఏసీలు పెట్టిస్తున్నానన్నారు. వంటవాళ్ళు, మేనేజరు, చుట్టాలు ఇద్దరు, అందరి ముందూ. ఇక అక్క నోరు మూతబడింది.

తరవాత జరిగినవి ఒకదాని వెనక ఒకటి జరిగాయి. చల్లదనం పోకూడదని గదుల కిటికీలు ఇటుకలతో కట్టేశారు. ఏసీ బయటి పెట్టెలు ఎక్కడ తగిలించాలన్న మాట వచ్చింది. వీధి గోడకి పెట్టండి బావగారూ, అందులోంచి వేడి వస్తుంది అన్నాను.

"ఎలివేషను పాడవుతుందమ్మాయ్. పెళ్ళివారు ఆ గోడ ముందరే కదా ఫోటోలు దిగుతారు."

పెట్టెలన్నీ తెచ్చి మండువాలోకి తగిలించారు. గదుల్లోంచి లాగిన వేడంతా మండువాలోకి వదులుతున్నాయి. ఏసీ లేని గదుల్లో మనిషి ఉండలేని ఉక్క. దాంతో వాటికీ ఏసీలు పెట్టాల్సొచ్చింది, వాటి వేడీ మండువాలోకే. వానకి పెట్టెలు తడుస్తున్నాయని పైన ఫైబరు రేకు కప్పించారు. ఇక వేడి పోయే దారి కూడా లేదు. వెలుతురు పచ్చగా, కామెర్ల మనిషి కంటి రంగులో పడేది. పగలే లైట్లు వేసుకోవడం మొదలైంది. మా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. "అన్నయ్య ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నాడే. వదిలెయ్," అన్నారు.

ఇన్ని ఏసీలకి కరెంటు పోతే పెద్ద జనరేటరు కావాలి. మాకు రోజూ కరెంటు పోయేది. లారీ మీద జనరేటరు వచ్చింది. సిద్ధాంతిగారు వచ్చి చోటు చూపించిన రోజు నేను రాజోలు వెళ్ళాను, మా నాన్నకి ఒంట్లో బాగుండక. తిరిగొచ్చేసరికి ఆగ్నేయం మూల సిమెంటు దిమ్మ కట్టేసి ఉంది.

"ఇక్కడెందుకండీ?" అని అడిగాను.

"అగ్ని ఉండాల్సిన మూల అదేనమ్మాయ్. సిద్ధాంతిగారు చెప్పేరు. ఇంక దానికి తిరుగులేదు," అన్నారు బావగారు.

ఆగ్నేయం అంటే తూర్పుకీ దక్షిణానికీ మధ్య మూల. ఎండాకాలం గాలి మాకు అటునుంచే వస్తుంది. నేను గాలి కోసం వదిలిన దక్షిణపు దారి పక్కనే సరిగ్గా జనరేటరు. అది నడిచినంతసేపూ డీజిలు పొగ గాలితోపాటు ఆ దారిన లోపలికొచ్చి, రేకు కింద చిక్కుకుని, వసారాల్లో తిరిగేది. పొగగొట్టం ఎత్తు పెంచారు. అప్పుడు రేకు సందుల్లోంచి లోపలికి దిగింది. పెళ్ళివారు గదులు మూసుకుని చల్లగా పడుకునేవారు, వాళ్ళకేమీ తెలియదు. నేను ముందు వైపు కౌంటరు దగ్గర, వీధి గాలిలో. మా ఆయన, బావగారు ఎక్కువగా బయటి పనుల్లో. మండువా వసారాలో పొద్దస్తమానం కూర్చునేది అక్క ఒక్కత్తే. దుప్పట్లు లెక్కచూసేది అక్కడే, పప్పు రుబ్బించేది అక్కడే, కాఫీ డికాషను తీయించేది అక్కడే.

మొదటి ఏడు దగ్గు అంది. రెండో ఏడు మెట్లెక్కడం మానేసింది. మూడో ఏడుకి మాట మధ్యలో ఆగి ఊపిరి అందుకోవాల్సి వచ్చేది. నవ్వబోయి దగ్గులో పడిపోయేది, అందుకని నవ్వడం తగ్గించుకుంది. చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది. వసారాలో కూర్చోవద్దక్కా అంటే, "నేను లేకపోతే పెళ్ళివారి కాఫీ ఎవరు చూస్తారే?" అనేది. కాకినాడ తీసుకెళ్ళి చూపించాం. పొగ, దుమ్ము తగలకూడదని, ఊపిరితిత్తులు పాడవుతున్నాయని డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

బావగారు కంగారుపడిపోయారు. ఆ మనిషికి భార్యంటే ప్రాణం, నేను అబద్ధం చెప్పను. తిరిగొచ్చిన మర్నాడే కింది అంతస్తులో మంచి గది ఖాళీ చేయించి, కిటికీ సందులు కూడా మూయించి, కొత్త ఏసీ పెట్టించి ఆవిడని అందులో ఉంచారు. పొగ తగలకుండా అన్నమాట. కరెంటు పోగానే ఆ ఏసీ నడవడానికి జనరేటరు వేసేవారు. జనరేటరు పొగ తలుపు కింద నుంచి ఆ గదిలోకే వెళ్ళేది. నాకు పిచ్చెక్కినట్టుండేది.

"జనరేటరు మార్చండి బావగారూ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నాకు మాత్రం ఉండదా అమ్మాయ్? ఆ మూల తప్ప పెట్టకూడదన్నారు. అగ్ని దిక్కు తప్పితే ఇంటి ఇల్లాలికే కీడంట. తెలిసి తెలిసి ఆవిడకి కీడు చెయ్యమంటావా?"

నేను వెళ్ళి అక్క గది తలుపు కింద తడిగుడ్డ కుక్కాను.

మళ్ళీ వైశాఖం వచ్చింది. లాడ్జి నిండా మగపెళ్ళివారు, సాయంత్రం ముహూర్తం. అక్కకి పొద్దున్న నుంచీ ఆయాసంగా ఉంది. నేను ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి, గన్నవరంలో గోదావరి పాయ మీది అక్విడక్టు దగ్గర దిగి, సిద్ధాంతిగారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన్ని నాలుగు మాటలు అడిగేద్దామనే వెళ్ళాను. వీధి అరుగు మీద పంచాంగం చూసుకుంటున్నారు. పెద్దాయన, నన్ను చూసి లేచి నిలబడి కుర్చీ వేయించారు. నేను కూర్చోకుండానే అంతా చెప్పాను, అక్క ఆయాసంతో సహా.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆయ్, చెప్పింది నేనేనమ్మా. కానీ నేను రెండూ చెప్పేనండీ. అగ్నికి ఆగ్నేయం మంచిది, అక్కడ ఇబ్బందయితే వాయవ్యం పెట్టుకోండి, దోషం ఏమీ లేదన్నాను. వాయవ్యం అయితే కార్లు పెట్టుకోడానికి చోటు పోతుందండీ అన్నారు మీ బావగారు. సరే, మీ వీలు అన్నాను."

"వాయవ్యం పెట్టినా తప్పు లేదా?"

"తప్పెందుకుంటుందమ్మా? ఇవాళే మార్పించెయ్యండి. మనిషి ఊపిరి కన్నా శాస్త్రం ఎక్కువాండీ?"

బస్సులో వస్తున్నంతసేపూ నాకు అదే మాట. కార్లు! మండువాకి అవతల మూల, గాలి బయటికి పోయే వైపు, పెళ్ళివారి కార్లు ఎండలో నిలబడటానికి ఉంచిన చోటు. జనరేటరు అక్కడ ఉంటే పొగ లోపలికి వచ్చేదే కాదు. బావగారి మీద కోపంతో నాకు కళ్ళు కనపడలేదు. అక్కకి చెప్పెయ్యాలి, ఆవిడ ఇవాళైనా నోరు తెరవాలి అనుకున్నాను.

నేను లాడ్జి చేరేసరికి మధ్యాహ్నం భోజనాలయ్యాయి. కరెంటు లేదు. జనరేటరు అదిరిపోతూ నడుస్తోంది. అక్క గదిలో మంచం మీద కూర్చుని, ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి ఊపిరి లాక్కుంటోంది. గదంతా చల్లగా ఉంది, డీజిలు వాసన. నేను పక్కన కూర్చుని సిద్ధాంతిగారు చెప్పిందంతా చెప్పాను.

అక్క ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసు," అంది. "ఆ రోజు... కాఫీలిచ్చింది నేనే కదే."

"తెలిసి ఇన్నేళ్ళూ ఈ పొగ పీల్చేవా? ఎందుకక్కా? ఒక్క మాట ఆయనతో ఎందుకనలేదు?"

"దిమ్మ కట్టించేసేరు. అందరికీ చెప్పేసేరు." కాసేపు ఆగి ఊపిరి తీసుకుంది. "తుఫానప్పుడు తోటకి వెళ్ళేను కదా... ఆయన చేతిలో పురుగుమందు డబ్బా ఉంది చెల్లీ. లాక్కుని కాలవలో పారేసేను. తోట పోయిందని కాదే. నలుగురిలో చిన్నవాణ్ణయిపోయేనన్నారు. మళ్ళీ ఆయన్ని తప్పుపట్టి... ఆ చూపు చూడలేనే నేను."

నేను ఏడ్చాను. ఆవిడ మీద జాలితో కాదు, కోపంతో ఏడ్చాను. ఆయన తల ఎత్తుకుని తిరగడానికి ఈవిడ ఊపిరి పోవాలా? లేచి తిన్నగా వెళ్ళి జనరేటరు ఆపేశాను. తాళం తీసి కొంగుకి ముడేసుకున్నాను.

ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ వెంటనే పై అంతస్తుల్లో తలుపులు తెరుచుకున్నాయి. "ఏమైందండీ?" "ఏసీ ఆగిపోయిందేంటి?" అంటూ మగపెళ్ళివారు వసారాల్లోకి వచ్చి కిందికి చూస్తున్నారు. బావగారు వాకిట్లో పెళ్ళివారికి వేసిన పందిరి దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చారు, చొక్కా తడిసిపోయి ఉంది.

"ఎవరాపేరు?"

"నేనే."

"తాళం ఇలా ఇయ్యమ్మాయ్." ఆయన గొంతు తగ్గించి, పైకి చూసి నవ్వుతూ అన్నారు. "అందరూ చూస్తన్నారు. తరవాత మాట్లాడుకుందాం. ఇయ్యి."

"ఇవ్వను."

"పెళ్ళివారున్నారమ్మా!"

"నేనూ ఉన్నానండీ."

ఆ మాట అన్నది నేను కాదు. అక్క గది గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. కొంగు జారిపోయినా సర్దుకోలేదు. నుదుటంతా చెమట. పైన మూడంతస్తుల్లోనూ జనం చూస్తున్నారు. ఆవిడ మళ్ళీ ఊపిరి తీసుకుని, ఆయన్నే చూస్తూ అంది: "మళ్ళీ వెయ్యకండి. నాకు ఊపిరాడటం లేదు."

బావగారు చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఎవరో పెద్దావిడ పైనుంచి, "అయ్యో, ఆవిడకి గాలి తగలనివ్వండయ్యా ముందు," అని కేకేసింది. మగపెళ్ళివారిలో ఇద్దరు కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చి కుర్చీతో సహా అక్కని ఎత్తి వీధి గేటు దగ్గర గాలిలో కూర్చోబెట్టారు. బావగారు అక్కడే నేల మీద కూర్చుండిపోయి ఆవిడ పాదాలు పట్టుకున్నారు. నలుగురిలో. ఎవరూ ఆయన్ని చిన్నచూపు చూడలేదు. ఒక్కరూ ఏసీ సంగతి ఎత్తలేదు.

జనరేటరు ఆ వారంలోనే వాయవ్యం మూలకి వెళ్ళింది. కార్లు వీధిలో పెట్టుకున్నారు, ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. రేకు పీకేశారు. ఏసీ పెట్టెలు కొన్ని తీసేసి కొన్ని పడమటి గోడకి మార్చారు. కిటికీల్లోంచి ఇటుకలు తీస్తుంటే బావగారు కూడా పలుగు పట్టారు. మండువాలోకి మళ్ళీ పైరగాలి వచ్చింది, కరెంటు వాడకం మళ్ళీ తగ్గింది. ఏసీ లేకపోయినా పరవాలేదండీ అనేవాళ్ళు కొంతమంది, ఏసీయే కావాలనేవాళ్ళు కొంతమంది. అలాగే నడిచింది, మునిగిపోలేదు.

అక్క ఊపిరితిత్తులు మాత్రం ఇక బాగుపడలేదు. పోయింది తిరిగి రాదమ్మా, ఉన్నదాన్ని కాపాడుకోవాలి అన్నారు కాకినాడ డాక్టరుగారు. ఆ తరవాత ఆవిడ ఎంతోకాలం లేదు. ఉన్నన్నాళ్ళూ బావగారు రోజూ సాయంత్రం వసారాలో ఆవిడ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు. చెయ్యి పట్టుకుని, "గాలి బాగా వస్తంది కదే. ఇప్పుడెలా ఉంది?" అని అడిగేవారు.

"బావుందండీ," అనేది అక్క. నేను పక్కనే మందులు పట్టుకుని నిలబడి ఉండేదాన్ని. బాగాలేదని నాకు తెలుసు, ఆయన వచ్చేముందు దాకా గోడకి ఆనుకుని ఎంత అవస్థ పడిందో చూసేదాన్ని. ఆవిడ నా వైపు ఒక్కసారి చూసేది. నా అంత నోరున్న మనిషిని, ఏమీ అనలేకపోయేదాన్ని. ఆఖరి రోజు కూడా ఆయన అడిగారు. బావుందండీ అనే అంది.